ఉపయోగితావాదం అంటే ఏ ఉపయోగితావాదం?

నీతిశాస్త్రం శీర్షికకు ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఉపయోగితావాదం మీదే. ‘ప్రయోజనవాదం’ అనీ, ‘ఉపయుక్తతావాదం’ అనీ రాసినవాళ్లూ ఉన్నారు. మూడూ ఒకటే కనుక జవాబుల్లో మొదటి పేరే వాడుతున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: ‘అత్యధిక సంఖ్యాకులకు అత్యధిక సుఖం’ అని మా నోట్సులో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. పరీక్షలో మాత్రం ‘ఉపయోగితావాదపు వివిధ రూపాలను చర్చించండి’ అని అడుగుతారు. ఈ రూపాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

జవాబు: ఆ వాక్యం నినాదంగా పనికొస్తుంది, నిర్వచనంగా పనికిరాదు. చిన్న లెక్క చూడండి. పదిమంది ఉన్నారు. ఒక పని చేస్తే తొమ్మిది మందికి తలా ఒక పాలు మేలు, పదో మనిషికి ఇరవై పాళ్లు కీడు. ‘ఎక్కువమంది’ని చూస్తే ఆ పని చెయ్యాలి. ‘ఎక్కువ సుఖం’ చూస్తే 9 – 20 = –11, చెయ్యకూడదు. నినాదం ఒకేసారి రెండింటిని పెంచమంటోంది, ఆ రెండూ ఎప్పుడూ ఒకే దారిన నడవవు. ఉపయోగితావాది కట్టుబడేది రెండోదానికే. ఈ మాటను ఫ్రాన్సిస్ హచిసన్ 1725లోనే వాడాడు. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన జెరెమీ బెంథామ్ (1748–1832) చివరి రోజుల్లో ‘అత్యధిక సంఖ్యాకులకు’ అన్న ముక్కను వదిలేశాడు. 2,001 మంది కలిసి 2,000 మందిని బానిసలుగా చేసుకుంటే మొత్తం సుఖం పెరుగుతుందా అని తనే ప్రశ్న వేసుకుని, పెరగదని తేల్చాడు.

ఇక రూపాల సంగతి. అమర్త్య సేన్ 1979లో ఈ సిద్ధాంతాన్ని మూడు భాగాలుగా విప్పి చూపించారు. ఒకటి, ఏ ఎంపిక మంచిదో చెడ్డదో దాని ఫలితాలను బట్టే తేలాలి. రెండు, ఫలితాల మంచిచెడ్డలు మనుషుల క్షేమాన్ని బట్టే తేలాలి, ఇంకే సమాచారమూ అక్కర్లేదు. మూడు, అందరి క్షేమాన్నీ కూడి, మొత్తం ఎక్కువ వచ్చినదాన్ని పైన నిలపాలి. ఇప్పుడు ఒక్కో భాగాన్నీ పట్టుకుని అడగండి. ఫలితాలంటే ఒక్కో పని ఫలితాలా, నియమం ఫలితాలా? నిజంగా జరిగినవా, జరుగుతాయని అంచనా వేసినవా? క్షేమం అంటే సుఖమా, కోరిక తీరడమా, మరొకటా? కూడాక చూసేది మొత్తమా, సగటా? ఇచ్చే జవాబును బట్టి ఒక్కో రూపం పుడుతుంది.

చాలా నోట్సుల్లో ‘బెంథామ్ రకం, మిల్ రకం, క్రియా రకం, నియమ రకం’ అని ఒకే వరుసలో పేరుస్తారు. చొక్కాలు ఎన్ని రకాలంటే ‘ఎర్రవి, పెద్దవి, నూలువి’ అని చెప్పినట్టుంటుంది అది. సుఖమా ఇష్టమా అన్నది ఒక ప్రశ్న, పనా నియమమా అన్నది వేరే ప్రశ్న. నియమ ఉపయోగితావాది సుఖవాది కావచ్చు, కాకపోనూవచ్చు. విమర్శ చదివినప్పుడు కూడా అది ఏ భాగానికి తగులుతోందో ముందు చూసుకోండి. సుఖం అనే కొలతను పడగొట్టిన విమర్శ కూడికను తాకను కూడా తాకకపోవచ్చు.

ప్రశ్న: బెంథామ్ చెప్పిన ఏడు కొలతలు కంఠస్థం చేశాను. కానీ వాటితో నిజంగా లెక్క ఎలా కట్టాలో ఎక్కడా కనబడలేదు. ఒక్కసారి కట్టి చూపిస్తారా?

జవాబు: తప్పకుండా. ఏడూ ఇవి: తీవ్రత, నిడివి, ఖాయంగా వస్తుందా రాదా, ఎంత దగ్గరలో ఉంది, అలాంటి సుఖాలనే ఇంకా కనగలదా, దుఃఖం కలవకుండా ఉంటుందా, ఎంతమందికి తగులుతుంది. 1789లో వెలువడిన గ్రంథం నాలుగో అధ్యాయంలో ఉన్నాయి. గుర్తుండడానికి తర్వాత ఒక పద్యం కూడా కట్టి చేర్చాడు. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, ఏడింటికీ తలా కొన్ని మార్కులు వేసి కూడేస్తారు. అవి ఏడు మార్కుల గళ్లు కావు. తీవ్రతను నిడివితో గుణించాలి. వచ్చినదాన్ని జరిగే అవకాశంతో గుణించాలి. ‘ఇంకా కనగలదా’, ‘దుఃఖం కలుస్తుందా’ అనేవి ఆ సుఖానికి ఉన్న గుణాలు కావని, ఆ పనికి ఉన్న గుణాలని బెంథామే అంటాడు. కనుక వాటికి మార్కులు వెయ్యరు. వెనక రాబోయే సుఖదుఃఖాలను విడి పద్దులుగా రాస్తారు. చివరిది, ఎంతమంది అన్నది, ఒక్కో మనిషికీ లెక్క మళ్లీ కట్టమని చెప్పడమే.

ఉదాహరణ. స్నేహితుడు రేపు వందమంది ముందు చెయ్యబోయే ప్రసంగంలో పెద్ద తప్పు కనిపించింది. ఈ రాత్రే చెప్పాలా? చెబితే అతనికి ఈ రాత్రి బాధ: తీవ్రత 3, నాలుగు గంటలు, ఖాయం. మొత్తం –12. చెప్పకపోతే రేపు ఎవరో లేచి ఎత్తిచూపుతారు. ఆ అవమానం తీవ్రత 8, ఐదు గంటలు, అంటే 40. జరిగే అవకాశం 0.6. చెప్పడం వల్ల తప్పే కీడు +24. వినేవాళ్లు వందమందికి తప్పుడు సంగతి తలకెక్కకపోవడం తలా 0.2 అనుకుంటే +20. చెప్పేవాడికి అరగంట ఇబ్బంది, తీవ్రత 2, అంటే –1. కూడితే +31. చెప్పాలి.

ఇందులో రెండు సంగతులు గమనించండి. చెప్పేవాడి ఇబ్బంది కూడా పద్దులో పడింది, అయితే ఒక్క మనిషి ఇబ్బందిగానే పడింది. ‘ప్రతివారూ ఒక్కరుగానే లెక్క, ఎవరూ ఒక్కరికి మించి లెక్క కారు’ అని మిల్ బెంథామ్ పేరున చెప్పిన సూత్రం అదే. రెండోది, ‘ఎంత దగ్గరలో ఉంది’ అన్న కొలతను మేము వాడలేదు. పదేళ్ల తర్వాతి నొప్పి కేవలం దూరంగా ఉందని చిన్నది కాదు, దాని గురించి మనకు ఖాయంగా తెలియకపోతేనే దాని బరువు తగ్గుతుంది, అది అవకాశం గడిలో ముందే పడింది. హెన్రీ సిడ్జ్‌విక్ 1874లో ఈ సంగతి తేల్చిచెప్పాడు, ఆయన మాటే సరైనదని మా ఉద్దేశం.

3, 8, 0.2 అనే అంకెలు ఎక్కడివి అంటారా? అసలు కష్టం అక్కడే. ఒకే మనిషి రెండు బాధలను పోల్చుకోవడం కొంత తేలిక. ఒకరి బాధను ఇంకొకరి బాధతో పోల్చడానికి అందరూ ఒప్పుకునే కొలబద్ద లేదు. ప్రతి తీర్పుకూ ముందు ఈ లెక్కంతా కట్టాలని ఆశించకూడదని బెంథామే రాశాడు. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, కింద దీనితో పని పడుతుంది.

ప్రశ్న: సుఖాల్లో ‘ఉన్నతమైనవి, నీచమైనవి’ ఉన్నాయని మిల్ అనడం మోసం కాదా? సుఖమే కొలత అన్నాక ఉన్నతం ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు: మోసం అనడం కొంచెం ఎక్కువే గానీ, మీరు వేలు పెట్టిన చోటు మాత్రం సరైనది. జాన్ స్టూవర్ట్ మిల్ 1861లో పత్రికలో అచ్చువేసి 1863లో పుస్తకంగా తెచ్చిన వ్యాసం రెండో అధ్యాయంలో ఈ వాదం ఉంది. తృప్తిగా ఉన్న పందికన్నా తృప్తిలేని మనిషిగా ఉండడం మేలు అన్న మాటా అక్కడిదే. ఆయన పెట్టిన పరీక్ష ఇది: రెండు సుఖాలనూ అనుభవించి ఎరిగినవాళ్లు, రెండోది ఎంత ఇచ్చినా మొదటిదాన్ని వదులుకోం అంటే, మొదటిదాని నాణ్యం ఎక్కువ.

చిక్కు ఇది. ఆ నాణ్యం సుఖంలో భాగమే అయితే అది ఎక్కువ సుఖమే అవుతుంది, అప్పుడు బెంథామ్ చాలు. సుఖం కానిది ఏదో విలువనిస్తోందంటే, సుఖం ఒక్కటే విలువైనదన్న మాట వదులుకున్నట్టే. మిల్ తరఫున వాదించేవాళ్లు మూడో దారి ఒకటి చూపిస్తారు: సుఖం అంటే ఒకే రకం సరుకు కాదు, ఆ అనుభవం ఎలాంటిదన్నదే దాని విలువలో ఒక పాలు అని. ఇది నిలబడే వాదమే. కానీ ఎరిగినవాళ్ల ఎంపిక దేన్ని చూపిస్తోందో తేల్చడం కష్టం. చదువరులు ఎప్పుడూ చదువు వైపే మొగ్గడం వాళ్ల అలవాటుకు సాక్ష్యం కావచ్చు.

జి.ఇ. మూర్ 1903లో మొహమాటం లేకుండా రెండో దారి పట్టాడు. అందాన్ని ఆస్వాదించడం, ఒకరినొకరు ప్రేమించుకోవడం వాటంతట అవే మంచివి, వాటిలోని సుఖం కొద్దీ మాత్రమే కావు అన్నాడు. దీన్ని ఆదర్శ ఉపయోగితావాదం అంటారు. సుఖమే అంతా అన్నవాళ్లకు తగిలిన గట్టి దెబ్బ మాత్రం రాబర్ట్ నాజిక్ 1974లో వేసిన ప్రశ్న. కావలసిన అనుభవాలన్నీ మెదడుకు అందించే యంత్రం ఉంటే, జీవితమంతా దానికి తగిలించుకుని పడుకుంటారా? చాలామంది వద్దంటారు. స్నేహితులు నిజంగా ఉండాలి, పుస్తకం నిజంగా రాయాలి, రాసినట్టు అనిపిస్తే చాలదు.

ప్రశ్న: అయితే సుఖం మాట వదిలేసి, ఎవరి ఇష్టం నెరవేరితే వాళ్లకు మేలు అంటే సరిపోతుంది కదా? ఎవరికి ఏది మంచిదో మనం ఎందుకు చెప్పాలి?

జవాబు: ఇష్టాలను లెక్కించే రూపానికి ఉన్న ఆకర్షణ అంతా మీ రెండో వాక్యంలోనే ఉంది. అర్థశాస్త్రవేత్త జాన్ హర్సాన్యి, తత్త్వవేత్త ఆర్.ఎం. హేర్, చాలాకాలం పాటు పీటర్ సింగర్ ఈ పక్షాన నిలిచారు. యంత్రం చిక్కు కూడా తీరుతుంది, నిజమైన స్నేహితులు కావాలన్న ఇష్టం యంత్రంలో నెరవేరదు కనుక.

అయితే ఒక్కో మెట్టు ఎక్కుతూ చూడండి. గ్లాసులో ఉన్నది యాసిడ్ అని తెలియక నీళ్లనుకుని తాగబోతున్నాడు ఒకడు. ఆ క్షణంలో ఉన్న ఇష్టాన్ని తీర్చడం అతనికి మేలు కాదు. కాబట్టి ‘నిజం తెలిస్తే ఉండే ఇష్టం’ అని దిద్దుతారు. తర్వాత, పక్కవాడు బాధపడితే చూడాలన్న ఇష్టం ఉంటుంది కొందరికి. హర్సాన్యి అలాంటి ఇష్టాలను లెక్కలోంచి తీసెయ్యమన్నారు. తీసెయ్యడం న్యాయమే. కానీ తీసినది ఇష్టం బలహీనంగా ఉందని కాదు, చెడ్డదని. ఇష్టాల కన్నా ముందే మంచిచెడ్డల కొలత ఒకటి లోపలికొచ్చి కూర్చుంది. మూడో మెట్టు అన్నిటికన్నా కష్టం. ఏళ్ల తరబడి అణగిమణగి బతికిన మనిషి, దక్కదని తెలిసినదాన్ని కోరుకోవడమే మానేస్తుంది. ఆమె చిన్న కోరికలు తీరిపోయాయి కనుక ఆమె క్షేమంగా ఉందని లెక్క చెబుతుంది. సేన్ ఈ సంగతిని పదేపదే ఎత్తిచూపారు. మా దృష్టిలో ఇష్టాల రూపానికి మిగతా రెండు చిక్కుల కన్నా ఇదే పెద్దది. మొదటి రెండూ దిద్దుబాటుకు లొంగాయి. ఇక్కడ కొలబద్దే ఎవరు నొక్కితే వాళ్ల చేతిలో వంగిపోతోంది.

సింగర్ తర్వాతి కాలంలో సుఖవాదం వైపు మళ్లారు. 2014లో కటర్జీనా డి లజారి-రాడెక్‌తో కలిసి రాసిన పుస్తకంలో ఆ మార్పు కనిపిస్తుంది.

ప్రశ్న: జంతువులు లెక్కలోకి వస్తాయా?

జవాబు: వస్తాయి. అవి ఆలోచించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు, బాధపడగలవా అన్నదే ప్రశ్న అని బెంథామ్ 1789 గ్రంథంలోనే ఒక అధోజ్ఞాపికలో రాశాడు. ఇష్టాల రూపంలో మాత్రం భవిష్యత్తు గురించి ఇష్టాలు పెట్టుకోగల ప్రాణికీ, పెట్టుకోలేని ప్రాణికీ చావు విషయంలో తేడా వస్తుంది. నొప్పి విషయంలో రాదు.

ప్రశ్న: నిరపరాధిని శిక్షిస్తే అల్లర్లు ఆగి పదిమంది ప్రాణాలు దక్కుతాయనుకుందాం. ఉపయోగితావాదం శిక్షించమనే అంటుందా? నియమ ఉపయోగితావాదంతో ఈ ఇబ్బంది పోతుందని చదివాను.

జవాబు: ఇది ఎక్కువమంది అడిగిన ప్రశ్న, దీనికి కొంచెం చోటు కావాలి. ఈ ఉదాహరణను ఇంచుమించు ఈ రూపంలో 1957లో హెచ్.జె. మెక్‌క్లోస్కీ ముందుకు తెచ్చారు. ఒక్కో పనికీ విడిగా లెక్క కట్టే క్రియా ఉపయోగితావాది దగ్గర మొదట దొరికే జవాబు ఏమిటంటే, నిజం ఎప్పటికైనా బయటపడుతుంది, న్యాయవ్యవస్థ మీద నమ్మకం కూలుతుంది, ఆ నష్టం కూడా కలిపితే లెక్క తిరగబడుతుంది అని. నిజజీవితంలో ఈ జవాబు చాలాసార్లు సరైనదే. కానీ ఉదాహరణ కట్టినవాడు ‘ఎప్పటికీ బయటపడదు అనుకో’ అనగానే ఆ దారి మూసుకుపోతుంది. జె.జె.సి. స్మార్ట్ లాంటి నిక్కచ్చి క్రియా ఉపయోగితావాది, అలాంటి పరిస్థితే వస్తే సిద్ధాంతం శిక్షించమనే చెబుతుందని, ఆ మాట తనకూ రుచించదని ఒప్పుకున్నారు. ఈ నిజాయితీ మెచ్చదగ్గది.

నియమ ఉపయోగితావాదం లెక్కను ఒక మెట్టు పైకి తీసుకెళ్తుంది. ‘ఈ పని మేలు చేస్తుందా’ అని అడగదు. ‘ఏ నియమాలను అందరూ పాటిస్తే ఎక్కువ మేలు, ఈ పని ఆ నియమాలకు లోబడి ఉందా’ అని అడుగుతుంది. క్రియా, నియమ అన్న రెండు పేర్లూ 1959లో రిచర్డ్ బ్రాంట్ పెట్టినవి. అంతకు నాలుగేళ్ల ముందే జాన్ రాల్స్ శిక్ష విషయంలో ఇది ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూపించారు. అవసరమైతే నిరపరాధిని శిక్షించే అధికారం కొందరు అధికారులకు ఇచ్చిన వ్యవస్థను ఊహించుకోండి అన్నారు. వెంటనే అడగాల్సినవి వరుసగా వస్తాయి. ఆ అధికారం ఎవరిది? వాళ్లను ఎవరు అదుపు చేస్తారు? సంగతి జనానికి చెబుతారా, దాస్తారా? ఎవరికి శిక్ష పడినా అతను నిజంగా దోషేనా అన్న అనుమానం పుడుతుంది. ఎవరికైనా తనవంతు వస్తుందేమో అన్న భయం పట్టుకుంటుంది. ఒక్కసారి జరిగే పనిగా చూస్తే లాభంగా కనబడ్డది, వ్యవస్థగా నిలబెట్టి చూడగానే తేలిపోతుంది.

ఇక ఇబ్బందులు. మొదటిది 1965లో డేవిడ్ లయన్స్ చెప్పినది. ‘మాట తప్పకూడదు’ అనే నియమం తీసుకోండి. ఒక సందర్భంలో మాట తప్పితేనే మేలు. అప్పుడు ‘ఇలాంటి సందర్భంలో తప్ప మాట తప్పకూడదు’ అనే నియమం మొదటిదాని కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఇంకో సందర్భం వస్తే ఇంకో ‘తప్ప’. ఇలా చేర్చుకుంటూ పోతే చివరికి మిగిలే నియమం ఏ పని చెయ్యమంటుందో, క్రియా ఉపయోగితావాదమూ అదే చెయ్యమంటుంది. రెండు రూపాలూ ఒకటైపోతాయి. పోనీ, మినహాయింపులు చేర్చను, మేలు జరగదని తెలిసినా నియమాన్నే పాటిస్తాను అంటారా? అది నియమాన్ని పూజించడమే కదా అని స్మార్ట్ నిలదీశారు.

దీనికి బ్రాడ్ హుకర్ 2000లో ఇచ్చిన జవాబు మాకు నచ్చింది. నియమాలను కాగితం మీద పోల్చకూడదు, మనుషుల్లో నాటి పోల్చాలి. కొత్త తరంలో సుమారు 90 శాతం మంది వంటబట్టించుకుంటే ఏ నియమావళి ఎక్కువ మేలు చేస్తుందో చూడమంటారు ఆయన. వెంటనే ఖర్చు పద్దు తెరుచుకుంటుంది. యాభై మినహాయింపులున్న నియమాన్ని పిల్లలకు నేర్పడానికి పట్టే శ్రమ, గుర్తుపెట్టుకోలేక చేసే తప్పులు, ‘నాది కూడా మినహాయింపే’ అని స్వార్థంతో సర్దిచెప్పుకోవడం, ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించలేకపోవడం. ఇవన్నీ కలిపితే కొద్దిపాటి సరళమైన నియమాలే నెగ్గుతాయి. అందువల్ల లయన్స్ చెప్పిన కలిసిపోవడం జరగదు. ఘోరమైన విపత్తును తప్పించడానికి మిగతా నియమాలను పక్కనపెట్టవచ్చు అని ఒక నియమం కూడా ఆయన చేర్చారు. ఎంత నష్టమైతే విపత్తు అన్నదానికి గీత గీయలేదు. మీ ప్రశ్నలోని పది ప్రాణాలు ఆ గీతకు ఇటా, అటా? నియమ రూపం కూడా మీ ఇబ్బందిని పూర్తిగా తీర్చదు, చాలా దూరం నెడుతుంది.

ప్రశ్న: మంచి ఉద్దేశంతో, తెలిసినంతలో జాగ్రత్తగా నిర్ణయం తీసుకున్నాను. ఫలితం చెడ్డదైంది. ఉపయోగితావాదం ప్రకారం నేను తప్పు చేసినట్టా?

జవాబు: ఫలితాలంటే ‘నిజంగా జరిగినవి’ అనేవాళ్ల ప్రకారం, ఆ పని తప్పే, మీరు నిందకు మాత్రం తగరు. ‘అంచనా ఫలితాలు’ అనేవాళ్ల ప్రకారం, అది తప్పే కాదు. రెండో పక్షం ఎందుకు మేలో చెప్పడానికి 1991లో ఫ్రాంక్ జాక్సన్ కట్టిన ఉదాహరణను మించింది లేదు. డాక్టర్ ముందు మూడు మందులున్నాయి. మొదటిది రోగాన్ని కొంత నయం చేస్తుందని ఖాయం. మిగతా రెండింటిలో ఒకటి పూర్తిగా నయం చేస్తుంది, ఇంకొకటి చంపేస్తుంది, ఏది ఏదో తెలుసుకునే వీలు లేదు. పూర్తి ఆరోగ్యానికి 100, కొంత నయానికి 80, చావుకు 0 అని వేద్దాం. మొదటి మందు విలువ 80. మిగతా రెండింట్లో ఏదైనా 100లో సగం, 0లో సగం, అంటే 50. మొదటిదే ఇవ్వాలి, అందులో సందేహం ఎవరికీ లేదు.

విచిత్రం ఎక్కడుందంటే, మొదటి మందు ఇస్తే అన్నిటికన్నా మంచి ఫలితం రాదని డాక్టర్‌కు ఇచ్చేముందే ఖాయంగా తెలుసు. ‘నిజంగా అన్నిటికన్నా మంచి ఫలితం వచ్చే పనే సరైనది’ అంటే, తప్పని తెలిసి తెలిసీ ఆమె ఆ పని చెయ్యాల్సి వస్తుంది. మీ విషయానికొస్తే, మీ నిర్ణయాన్ని ఆ రోజు మీ ముందున్న సమాచారంతోనే తూచాలి, తర్వాత తెలిసినదానితో కాదు. సులభంగా తెలుసుకోగలిగినదాన్ని తెలుసుకోకపోవడం మాత్రం వేరే పద్దు.

ప్రశ్న: మొత్తం సుఖం చూసినా, సగటు సుఖం చూసినా ఒకటే కదా? రెండు పేర్లెందుకు?

జవాబు: జనసంఖ్య మారనంతవరకు ఒకటే. మారితే రెండూ విడిపోతాయి. 1,000 మంది తలా 50 చొప్పున సుఖంగా ఉంటే మొత్తం 50,000. 60,000 మంది తలా 1 చొప్పున, బతకడం చావడం కన్నా కాస్త మేలు అన్నట్టుగా ఉంటే మొత్తం 60,000. మొత్తం చూసేవాడు రెండో లోకమే మేలనాలి. డెరెక్ పార్ఫిట్ 1984లో దీన్ని ‘జుగుప్స కలిగించే ముగింపు’ అన్నారు. సగటు చూసేవాడు దీన్నుంచి తప్పించుకుంటాడు, కానీ ఇంకో గోతిలో పడతాడు. అందరూ –100 చొప్పున నరకయాతన పడుతున్న లోకంలోకి –90 యాతన పడే మనిషిని కొత్తగా తెస్తే సగటు మెరుగవుతుంది. అంత బాధ పడే మనిషిని పుట్టించడం మంచి పని అని ఒప్పుకోవాల్సి వస్తుంది. రెండింటిలో సగటు గొయ్యే లోతని మా అభిప్రాయం. ఈ చిక్కుకు అందరూ ఒప్పుకున్న పరిష్కారం ఇప్పటికీ లేదు.

ప్రశ్న: సుఖం పెంచడం కన్నా దుఃఖం తగ్గించడమే ధర్మం అనిపిస్తుంది. అది కూడా ఉపయోగితావాదమేనా?

జవాబు: అవును, దానికి నిషేధాత్మక రూపం అని పేరు. కార్ల్ పాపర్ 1945లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. 1958లో ఆర్.ఎన్. స్మార్ట్ ఒకే ఒక్క ప్రశ్నతో దాని కఠిన రూపాన్ని ఇరకాటంలో పెట్టారు: లోకాన్నంతా నొప్పి లేకుండా క్షణంలో రూపుమాపే ఆయుధం చేతికొస్తే, దుఃఖం ఒక్కటే లెక్క అన్నవాడు దాన్ని వాడొద్దా? (ఈయన పైన చెప్పిన జె.జె.సి. స్మార్ట్‌కు సోదరుడు.) సుఖానికి కూడా లెక్క ఉంది, కాకపోతే దుఃఖానికి బరువు ఎక్కువ అని మెత్తబరిస్తే ఈ దెబ్బ చాలావరకు తప్పుతుంది. మీ మనసులో ఉన్నది బహుశా ఈ మెత్తని రూపమే.

ప్రశ్న: మా అమ్మ ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్లేముందు కూడా లెక్క కట్టాలా? అలా కట్టేవాళ్లను ప్రేమించగలమా?

జవాబు: కట్టకూడదు. అలా కట్టకూడదని ఉపయోగితావాదమే చెబుతుంది. బెంథామ్ వాక్యాన్ని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఏది సరైనదో తేల్చే కొలబద్ద వేరు, రోజూ నిర్ణయాలు తీసుకునే పద్ధతి వేరు. కొలబద్ద ఎప్పుడూ ఉద్దేశం కానక్కర్లేదని సిడ్జ్‌విక్ చెప్పాడు. హేర్ 1981లో దీన్ని రెండు అంతస్తులుగా కట్టారు. కింది అంతస్తులో అలవాట్లు, ప్రేమలు, మాట నిలబెట్టుకోవడం లాంటి పాతుకుపోయిన నియమాలు ఉంటాయి. రోజులో ఎక్కువభాగం అక్కడే గడపాలి. ఆ నియమాలు రెండు ఢీకొన్నప్పుడో, ఏ నియమాలు పెంచుకోవాలో తీరిగ్గా ఆలోచించేటప్పుడో పై అంతస్తుకు వెళ్లి లెక్క కట్టాలి. పీటర్ రెయిల్టన్ 1984లో ఇంకో మాట చేర్చారు. భార్యను చూసుకునే ప్రతిసారీ లెక్క కట్టని భర్త కూడా, ఆ ప్రేమ లోకానికి పెద్ద కీడు చేస్తోందని తేలితే తన జీవితాన్ని దిద్దుకునేవాడైతే చాలు.

బెర్నార్డ్ విలియమ్స్‌కు ఇది తృప్తినివ్వలేదు. మునిగిపోతున్న భార్యను రక్షించేవాడి మనసులో ‘ఇలాంటప్పుడు భార్యను రక్షించడం అనుమతించదగినదే’ అన్న ఆలోచన కూడా ఉంటే, అది అక్కర్లేని ఒక ఆలోచన అన్నారు. రెండు అంతస్తుల మధ్య గోడ మనిషి మనసులో అంత గట్టిగా నిలబడుతుందా అన్నదే ఆయన అనుమానం. ఇది చులకనగా తీసెయ్యదగ్గది కాదు. అయినా చాలామంది అనుకున్నట్టు ఉపయోగితావాది మంచం పక్కన కూర్చుని గణితం చేసే మనిషి మాత్రం కాదు.

ప్రశ్న: ఇన్ని రూపాలు ఉన్నప్పుడు ప్రతి విమర్శకూ ఏదో ఒక రూపం జవాబు చెప్పేస్తుంది. ఏ రూపమూ తప్పించుకోలేని విమర్శ ఒక్కటైనా ఉందా?

జవాబు: ఉంది. రాల్స్ 1971లో చెప్పినది: మనుషులు ఎవరికి వారు వేర్వేరు వ్యక్తులన్న సంగతిని ఉపయోగితావాదం లెక్కచెయ్యదు. ఒక మనిషి రేపటి సుఖం కోసం ఈ రోజు పన్ను పీకించుకుంటే సబబే, నొప్పీ లాభమూ ఒకరివే. ఒకరి పన్ను పీకి ఇంకొకరికి లాభం చేకూర్చడం అలాంటిది కాదు. నొప్పి పడ్డవాడికి దక్కినది ఏమీ లేదు. సుఖం బదులు ఇష్టం పెట్టండి, పని బదులు నియమం పెట్టండి, మొత్తం బదులు సగటు పెట్టండి, చివరికి ఒకరి నష్టాన్ని ఇంకొకరి లాభంతో చెల్లువేసే గడి అలాగే ఉంటుంది.

దీనికి జవాబుగా విద్యార్థులు తరచూ రాసేది ఒకటుంది: ‘పేదవాడికి ఇచ్చిన రూపాయి ధనికుడి రూపాయి కన్నా ఎక్కువ సుఖమిస్తుంది, కనుక ఉపయోగితావాదం సమానత్వాన్నే కోరుతుంది’ అని. డబ్బు విషయంలో ఈ మాట నిజం, చేతిలో డబ్బు పెరిగేకొద్దీ ఒక్కో కొత్త రూపాయి ఇచ్చే సుఖం తగ్గుతుంది కనుక. ఇక్కడ పంచుతున్నది డబ్బు కాదు, క్షేమం. దానికి ఆ తగ్గుదల వర్తించదు, ఎందుకంటే రూపాయి తెచ్చిన సుఖం తగ్గడం క్షేమపు అంకెలోకి ముందే వచ్చేసింది. ఒక ఏర్పాటులో ఇద్దరి క్షేమం 10, 90. ఇంకో ఏర్పాటులో 45, 45. మొత్తాలు 100, 90. ఏ ఉపయోగితావాది అయినా మొదటిదే ఎంచుకోవాలి.

కిందనున్నవాడి క్షేమానికి ఎక్కువ బరువు వెయ్యాలనుకుంటే, ఉదాహరణకు కూడేముందు ప్రతి అంకెకూ వర్గమూలం తీయండి. మొదటిది 3.16 + 9.49 = 12.65. రెండోది 6.71 + 6.71 = 13.42. ఇప్పుడు రెండోది నెగ్గింది. 1991లో పార్ఫిట్ ఇచ్చిన ఉపన్యాసం తర్వాత బాగా చర్చకొచ్చిన ప్రాధాన్యవాదం స్థూలంగా చేసేది ఇదే. వర్గమూలమే ఎందుకు, ఘనమూలం ఎందుకు కాదు అని అడిగితే దానికి తేలికైన జవాబు లేదు. పైగా ఆ మూలం తీసిన క్షణంలోనే సేన్ చెప్పిన మూడో భాగం, అంటే క్షేమాన్ని ఉన్నదున్నట్టు కూడడం, ఊడిపోయింది. కనుక పరీక్షలో దాన్ని ఉపయోగితావాదపు రూపాల్లో చేర్చకండి, పక్కింటి సిద్ధాంతంగా రాయండి.